ఏ స్పెషాలిటీలో ఖర్చులు పోను ఎంత మిగులుతుంది: వరంగల్ ప్రాంతంలో ప్రాక్టీసు మొదలుపెట్టే డాక్టర్లకు ఒక పోలిక

కాకతీయ మెడికల్ కాలేజీలో పీజీ ముగించుకొని బయటికి వచ్చే డాక్టరు ముందు సాధారణంగా నాలుగు దారులుంటాయి. హన్మకొండలోనో కరీంనగర్‌లోనో సొంత క్లినిక్ లేదా నర్సింగ్ హోం పెట్టుకోవచ్చు. తోటి డాక్టర్లతో భాగస్వామ్యంలో చేరవచ్చు. పెద్ద ఆసుపత్రిలో షేరు (బిల్లులో ఇంత శాతం) మీదో మినిమం గ్యారంటీ (కేసులు తక్కువైనా నెలకు కనీసం ఇంత) మీదో కుదరవచ్చు. ప్రభుత్వ ఉద్యోగానికి వెళ్లవచ్చు. వీటిని పోల్చుకునేటప్పుడు ఎక్కువ మంది సీనియర్లను అడిగేది "ఆ బ్రాంచిలో నెలకు ఎంత వస్తుంది సార్" అనే. దానికి దొరికే జవాబు దాదాపు ఎప్పుడూ మొత్తం వసూళ్ల గురించే ఉంటుంది. అద్దె, జీతాలు, కరెంటు బిల్లు, మిషన్ల వాయిదాలు, లైసెన్సులు, ఇన్సూరెన్సు అన్నీ కట్టిన తరువాత డాక్టరు ఇంటికి చేరేది ఎంత అన్నది అందులో ఉండదు. ఒకే వీధిలో పక్కపక్కనే బోర్డులున్న ఇద్దరు డాక్టర్లలో నెలకు పదిహేను లక్షలు వసూలయ్యే వ్యక్తి కంటే నాలుగు లక్షలు వసూలయ్యే వ్యక్తి నిశ్చింతగా ఉండే సందర్భాలు తక్కువేమీ కావు. అందుకు కారణం ఖర్చు మొత్తంలో కంటే ఆ ఖర్చు స్వభావంలోనూ, దాన్ని ఎవరు మోస్తున్నారన్న దానిలోనూ ఎక్కువగా ఉంటుంది. ఈ పోలికను ఆ కోణంలోనే చేస్తున్నాను. ఇందులో రూపాయల్లో వేసి చూపిన ప్రాక్టీసు లెక్కలన్నీ ఉదాహరణ కోసం ఊహించినవి. చదివేవారు తమ ఊరి అద్దెలను, తమ దగ్గరి జీతాలను వాటి స్థానంలో పెట్టుకొని చూసుకోవాలి.

కదలని ఖర్చు, పేషెంటుతో కదిలే ఖర్చు

ప్రాక్టీసు ఖర్చులు రెండు రకాలు. పేషెంటు ఒక్కరూ రాకపోయినా ఒకటో తేదీకి కట్టి తీరవలసినవి మొదటి రకం: అద్దె, సిస్టర్ల జీతాలు, డ్యూటీ డాక్టర్ల జీతాలు, బ్యాంకు వాయిదా, మిషన్ల సీఎంసీ (విడిభాగాలతో సహా ఏడాది మరమ్మతు ఒప్పందం), లిఫ్టు, జనరేటరు. పేషెంటు వస్తేనే పుట్టేవి రెండో రకం: మందులు, గ్లౌజులు, లెన్సులు, రీఏజెంట్లు (ల్యాబు పరీక్షల రసాయనాలు), మత్తు డాక్టరుకు కేసుకింత అని ఇచ్చే మొత్తం. ఖర్చు ఆదాయంలో ఎంత శాతమన్నది ఒక్కటే చూసేవారు ఈ తేడాను గమనించరు.

ఒక సైకియాట్రిస్టు నెల వసూళ్లు 4 లక్షలనుకుందాం. గది అద్దె, రిసెప్షనిస్టు, కరెంటు కలిపి 80 వేలు కదలని ఖర్చు, మరో 20 వేలు కదిలే ఖర్చు. 3 లక్షలు మిగులుతాయి. ఇరవై పడకల నర్సింగ్ హోం నడిపే గైనకాలజిస్టుకు 15 లక్షలు వసూలై, ఏడున్నర లక్షలు కదలని ఖర్చు, 3 లక్షలు కదిలే ఖర్చు అయితే నాలుగున్నర లక్షలు మిగులుతాయి. ఇంతవరకు చూస్తే నర్సింగ్ హోమే మేలు. ఇప్పుడు ఇద్దరికీ పేషెంట్లు ఐదో వంతు తగ్గారనుకోండి. సైకియాట్రిస్టుకు 3 లక్షల 20 వేలు వచ్చి, 2 లక్షల 24 వేలు మిగులుతాయి. ఆయన చేతికి వచ్చేది నాలుగో వంతు మాత్రమే తగ్గింది. గైనకాలజిస్టుకు 12 లక్షలు వస్తాయి, అందులో 9 లక్షల 90 వేలు ఖర్చుకే పోతాయి, మిగిలేది 2 లక్షల 10 వేలు. ఆమె మిగులు సగానికి పైగా పడిపోయి, సైకియాట్రిస్టు కంటే కిందికి దిగింది. అయితే పేషెంట్లు ఐదో వంతు పెరిగినప్పుడు ఇదే లెక్క ఆమె పక్షాన తిరిగి, మిగులు దాదాపు 6 లక్షల 90 వేలకు చేరుతుంది. కదలని ఖర్చు ఎక్కువగా ఉన్న స్పెషాలిటీలో లాభమూ నష్టమూ రెండూ పెద్దవిగానే వస్తాయి. ఎవరికి ఏది సరిపోతుందన్నది వారి అప్పు, వయసు, రాత్రి నిద్ర మీద వారికున్న మమకారం తేల్చవలసిన విషయం.

మన ప్రాంతంలో పేషెంట్ల రాక ఏడాది పొడవునా ఒకేలా ఉండదు. వానాకాలంలో విష జ్వరాలు, డెంగీ ఉన్న నెలల్లో ఫిజీషియన్లకూ పిల్లల డాక్టర్లకూ పడకలు చాలవు. ఎండాకాలంలో అవే పడకలు ఖాళీగా ఉంటాయి. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మిర్చి చేరి రైతు చేతికి డబ్బు వచ్చాక గాని వాయిదా వేయగలిగిన ఆపరేషన్లు, అంటే హెర్నియా, కంటిపొర, మోకాలు వంటివి, కదలవు. అందువల్ల బాగా నడిచిన రెండు నెలల సగటు తీసుకొని బ్యాంకు వాయిదా ఖరారు చేసుకోవడం కన్నా, మందకొడిగా ఉన్న మూడు నెలల్లో కూడా కట్టగలిగినంతే అప్పు చేయడం క్షేమం.

లెక్కలోకి రాకుండా జారిపోయేవి

"సొంత బిల్డింగే, అద్దె బాధ లేదు" అన్న మాట కింద హాస్పిటల్, పైన ఇల్లు ఉన్న డాక్టర్ల నోట తరచుగా వినిపిస్తుంది. నక్కలగుట్టలోనో హంటర్ రోడ్డులోనో ఆ అంతస్తును ఇంకెవరికైనా ఇస్తే వచ్చే అద్దె ఎంతో, అది ఆ ప్రాక్టీసు ఖర్చులోనిదే. దాన్ని కలపకపోతే బిల్డింగు సంపాదించినదాన్ని డాక్టరు తన వైద్యం సంపాదనగా భావించినట్టు అవుతుంది. అలాగే కౌంటరు దగ్గర జీతం లేకుండా కూర్చునే భార్య లేదా భర్త కష్టానికీ, డాక్టరు ఇదే చదువుతో బయట ఉద్యోగం చేస్తే వచ్చే జీతానికీ విలువ కట్టాలి. ఆ రెండూ తీసేశాక మిగిలింది మాత్రమే వ్యాపార భారాన్ని నెత్తిన వేసుకున్నందుకు దక్కిన ప్రతిఫలం. చాలా చిన్న నర్సింగ్ హోంలలో ఆ సంఖ్య సున్నాకు దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

ఒకసారి ఫీజు కడితే పది, పదిహేను రోజుల్లోపు మళ్లీ చూపించుకోవడం ఉచితం అన్న మన వైపు ఆనవాయితీని కూడా గుర్తుంచుకోవాలి. షుగరు, బీపీ చూసే ఫిజీషియనుకు దీనివల్ల ఒక ఫీజుకు రెండు సార్లు సమయం ఖర్చవుతుంది. రోజుకు అరవై మంది ఓపీ అని చెప్పుకున్నా డబ్బు కట్టినవారు నలభై మందే కావచ్చు.

జీఎస్టీ మరొకటి. డాక్టరు చేసే వైద్యం మీద జీఎస్టీ లేదు. వినడానికి బాగానే ఉంటుంది కాని, అమ్మకం మీద పన్ను లేదు కనుక కొనుగోళ్ల మీద కట్టిన పన్నును తిరిగి రాబట్టుకునే వీలు కూడా లేదు. రిజిస్టరైన ఇంటి యజమానికి కమర్షియల్ అద్దె మీద కట్టే 18 శాతం, మిషన్ మీద కట్టే పన్ను పూర్తిగా ఖర్చు కిందికే వస్తాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా వైద్య పరికరాల మీద పన్ను 5 శాతానికి తగ్గడం ఆ మేరకు కొత్తగా మిషన్లు కొనేవారికి ఊరట. జుట్టు మార్పిడి, కేవలం అందం కోసం చేసే కాస్మెటిక్ సర్జరీ మాత్రం మినహాయింపు కిందికి రావు. వాటి మీద 18 శాతం కట్టాలి. ఐసీయూ కాని గదికి రోజు అద్దె 5,000 రూపాయలు దాటితే 2022 జూలై 18 నుంచి 5 శాతం పన్ను ఉంది.

స్పెషాలిటీల వారీగా

ఖర్చు అతి తక్కువగా ఉండేది మత్తు డాక్టరుకు. ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి తిరిగే అనస్థటిస్టుకు గది, సిబ్బంది, మిషన్ ఏవీ తనవి కావు; కారు, ఫోను, కొన్ని సొంత పరికరాలు, ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ (వైద్య నిర్లక్ష్యం కేసుల) ఇన్సూరెన్సు ఉంటే చాలు. సర్జను కదలని ఖర్చు మోస్తుంటే అనస్థటిస్టు కేసుల మీద సంపాదిస్తాడు. ఈ సౌకర్యానికి చెల్లించే మూల్యం వేరే రూపంలో ఉంటుంది: పేషెంటు అతనివాడు కాడు, సమయం అతని చేతిలో ఉండదు, అర్ధరాత్రి సిజేరియన్‌కు పిలుపు వస్తే వెళ్లవలసిందే, యాభై ఐదేళ్ల తరువాత ఆ పరుగు కష్టమవుతుంది, ఆ వయసులో అమ్ముకోవడానికి ప్రాక్టీసంటూ ఏమీ ఉండదు.

సైకియాట్రీ, జనరల్ మెడిసిన్, కన్సల్టేషన్‌కే పరిమితమైన డెర్మటాలజీ (చర్మ వైద్యం), ఎండోక్రైనాలజీ (హార్మోన్ల వైద్యం) తరువాతి వరసలోవి. రెండు గదులు, ఇద్దరు మనుషులతో నడుస్తాయి. ఇక్కడ ఆదాయానికి పైకప్పు డాక్టరు గంటలే. సైకియాట్రిస్టు ఒక పేషెంటుకు అరగంట ఇవ్వకుండా పని సాగదు. ఖర్చు శాతం ఎంత తక్కువైనా రోజులో గంటలను పెంచలేరు. పడకలు పెట్టి పేషెంట్లను చేర్చుకోదలిస్తే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పనిసరి, అప్పుడు సిబ్బంది లెక్కే మారిపోతుంది. డెర్మటాలజిస్టు లేజర్లు కొన్న రోజు నుంచి తక్కువ ఖర్చు వర్గంలో ఉండడు. హన్మకొండలాంటి ఊళ్లో రెండో లేజర్ కొనే ముందు, మొదటిది వారంలో ఎన్ని గంటలు పనిచేస్తోందో రాసిపెట్టుకొని చూడడం మంచిది.

పిల్లల డాక్టరుది మధ్యస్థం. ఓపీ వరకు మిషన్లు అక్కరలేదు. టీకాలకు మాత్రం పెట్టుబడి ఇరుక్కుంటుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య నిలవ ఉంచే ఫ్రిజ్, కరెంటు పోతే ఆదుకునే ఏర్పాటు, గడువు తీరి పారేసిన డోసులు ఈ ఖర్చులోవి. పుట్టిన పిల్లల ఐసీయూ పెట్టాలనుకుంటే అది పూర్తిగా వేరే వ్యాపారం: వార్మర్లు, వెంటిలేటర్లు, ముగ్గురు నలుగురు పిల్లలకు ఒక సిస్టర్ చొప్పున మూడు షిఫ్టులు. ఊళ్లో కాన్పుల ఆసుపత్రులు కేసులు పంపినంత కాలమే అది నిలబడుతుంది.

కంటి డాక్టరు, దంత వైద్యుడు, చెవి ముక్కు గొంతు డాక్టరు మిషన్ల మీద ఆధారపడ్డా, పడకల బరువు లేనివారు. కంటిపొర ఆపరేషన్‌కు ఫేకో మిషన్ (కంటిపొరను కరిగించి తీసేది), మైక్రోస్కోపు కావాలి. రోగి అదే రోజు ఇంటికి వెళ్తాడు, రాత్రి షిఫ్టు సిస్టర్లు అక్కరలేదు. కదలని ఖర్చును ఎక్కువ కేసుల మీద పరచగలిగినందువల్ల కేసుల సంఖ్య ఉన్న కంటి డాక్టరుకు మిగులు బాగుంటుంది, సంఖ్య లేనివారికి ఫేకో వాయిదా భారమవుతుంది. దంత వైద్యంలో కుర్చీ ధర కన్నా ల్యాబుకు కట్టే డబ్బు, మెటీరియల్, ఒక్కో పేషెంటుకు పట్టే గంటసేపు కలిసి శాతాన్ని పెంచుతాయి.

గైనకాలజీని విడిగా చూడాలి, ఎందుకంటే ఉత్తర తెలంగాణలో చిన్న ప్రైవేటు ఆసుపత్రికి ఆధారం ఎక్కువగా కాన్పులే. లేబర్ రూము ఇరవై నాలుగు గంటలూ సిద్ధంగా ఉండాలి. ఆయమ్మ నుంచి డ్యూటీ డాక్టరు దాకా మూడు షిఫ్టుల జీతాలు ఒక కాన్పు జరిగినా పది జరిగినా అంతే. మత్తు డాక్టరు, పిల్లల డాక్టరు, రక్తం అందుబాటులో ఉండాలి. స్కానింగ్ మిషన్ పెట్టుకుంటే, లింగ నిర్ధారణను నిషేధించే 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద రిజిస్ట్రేషన్ తీసుకోవాలి, దానికి 25 వేల నుంచి 35 వేల రూపాయల ఫీజు కట్టి ఐదేళ్లకోసారి రెన్యువల్ చేయించుకోవాలి, గర్భిణికి చేసిన ప్రతి స్కానుకూ ఫారం ఎఫ్ నింపాలి. ఆ రికార్డుల్లోని లోపాలను నేరంగా చూసే నిబంధనలను 2019లో సుప్రీంకోర్టు సమర్థించింది కనుక, ఫారాలు జాగ్రత్తగా రాసే మనిషి జీతాన్ని వృథా ఖర్చుగా భావించకూడదు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. దీనికి కారణాలు అనేకం. వాటిలో ఖర్చుల లెక్క కూడా ఒకటి. సహజ కాన్పు లేబర్ రూమును, సిస్టర్‌ను, డాక్టరును రాత్రంతా పట్టి ఉంచుతుంది, దానికి తీసుకునే ఫీజు తక్కువ. ముందే సమయం పెట్టుకున్న ఆపరేషన్ గంటలో ముగుస్తుంది, దానికి ఫీజు ఎక్కువ. వాయిదా తరుముతున్న ఆసుపత్రిలో ఈ తేడా డాక్టరు నిర్ణయాన్ని తెలియకుండానే ఒకవైపు లాగుతుంది. సహజ కాన్పుకు పట్టే సిస్టర్ గంటలను లెక్కగట్టి దానికి న్యాయమైన ధర ముందే పెట్టుకున్న ఆసుపత్రిలో ఆ లాగుడు తగ్గుతుంది. అప్పు పరిమితంగా ఉండాలని పైన చెప్పడానికి ఇది మరో కారణం.

ఆర్థోపెడిక్స్, జనరల్ సర్జరీలలో ఆపరేషన్ థియేటరు, సీ-ఆర్మ్ (ఆపరేషన్ మధ్యలో ఎక్స్‌రే చూపే మిషన్), స్టెరిలైజేషన్ కదలని ఖర్చులు. ఒకప్పుడు ఇంప్లాంట్ల మీద దొరికే మార్జిన్‌తో ఈ ఖర్చులు కొంత పూడేవి. 2017 ఫిబ్రవరిలో గుండె స్టెంట్లకు, అదే ఏడాది ఆగస్టులో మోకాలి ఇంప్లాంట్లకు కేంద్రం గరిష్ఠ ధరలు నిర్ణయించాక ఆ దారి ఇరుకైంది. పేషెంటుకు అది మంచిదే. కొత్తగా లెక్క వేసుకునే సర్జను మాత్రం పదేళ్ల కిందటి సీనియరు అంకెలను ప్రమాణంగా తీసుకోకూడదు.

అన్నిటికంటే ఎక్కువ పెట్టుబడి రేడియాలజీది, ఆ తరువాత పెద్ద పాథాలజీ ల్యాబుది. ఒక్క అల్ట్రాసౌండునే తీసుకుందాం. మిషన్ 24 లక్షలు, ఆరేళ్లు వాడతారనుకుంటే అరుగుదలే నెలకు 33 వేలు. ఏడాదికి ధరలో 6 శాతం సీఎంసీ అంటే నెలకు 12 వేలు. వడ్డీ, గది, టైపిస్టు, అటెండెంటు, జెల్, కాగితం కలిపి మరో 55 వేలు. మొత్తం లక్ష. స్కానుకు 800 రూపాయలు చేతికి వస్తే 125 స్కాన్లు, అంటే ఇరవై ఐదు పనిదినాల్లో రోజుకు ఐదేసి, చేశాక గాని డాక్టరు కష్టానికి తొలి రూపాయి పుట్టదు. ఆరో స్కాను నుంచి మాత్రం దాదాపు మొత్తం మిగులే. సీటీకి వచ్చేసరికి సీసం పూత గోడలు, అణుశక్తి నియంత్రణ మండలి లైసెన్సు, సిబ్బందికి టీఎల్‌డీ బ్యాడ్జీలు (ఒంటికి తగిలిన రేడియేషన్‌ను కొలిచేవి), నిర్ణీత కాలానికి క్వాలిటీ పరీక్షలు తోడవుతాయి. ఎంఆర్ఐ అయితే కోట్ల మాట. మొదటిసారి పెట్టుబడి పెట్టే రేడియాలజిస్టు ఒంటరిగా సీటీ సెంటరు తెరవడాన్ని నేను సిఫారసు చేయను. నలుగురు కలిసి ఒక మిషన్‌ను ఉదయం నుంచి రాత్రి దాకా నడిపితే అదే ఖర్చు నాలుగు వంతులవుతుంది. పాథాలజీలో అనలైజరు ఉచితంగా పెట్టి రీఏజెంట్లు తమ దగ్గరే కొనాలనే కంపెనీ ఒప్పందాలు ఉంటాయి. పెట్టుబడి తప్పుతుంది కాని ప్రతి పరీక్ష మీద ఖర్చు పెరుగుతుంది, నెలకు ఇన్ని పరీక్షలు చేసి తీరాలన్న షరతును చదవకుండా సంతకం చేస్తే అదీ కదలని ఖర్చే అవుతుంది.

కార్డియాలజీ, న్యూరోసర్జరీ వంటి సూపర్ స్పెషాలిటీల గురించి చెప్పవలసింది కొద్దే. క్యాథ్ ల్యాబు (యాంజియోగ్రామ్‌లు చేసి స్టెంట్లు వేసే గది) సొంతంగా పెట్టుకునే స్థోమత ఉన్నవారు అరుదు కనుక, వారికి అసలు ప్రశ్న ఏ ఆసుపత్రితో ఏ షరతుల మీద కుదరాలన్నదే.

అమెరికాలో ఇదే చిక్కును వేరే విధంగా పరిష్కరించే ప్రయత్నం జరిగింది. అక్కడి మెడికేర్ (ముఖ్యంగా వృద్ధులకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) 1992 నుంచి డాక్టరు ప్రతి సేవకూ ఇచ్చే ధరను మూడు భాగాలుగా విడదీస్తోంది: డాక్టరు శ్రమ, ప్రాక్టీసు ఖర్చు, వైద్య నిర్లక్ష్యం కేసుల ఇన్సూరెన్సు. సుమారుగా చూస్తే మొత్తంలో సగం శ్రమకు, నలభై ఐదు శాతం ప్రాక్టీసు ఖర్చుకు, నాలుగు శాతం పైచిలుకు ఇన్సూరెన్సుకు పోతుంది. మన ప్యాకేజీల్లో అలాంటి విభజన కనిపించదు. అందుకే ఆ విభజనను ఎవరికి వారు కాగితం మీద చేసుకోవలసి వస్తుంది. మనకు ఇన్సూరెన్సు వాటా ఇంకా చిన్నదే కాని, 1995లో సుప్రీంకోర్టు వైద్య సేవలను వినియోగదారుల చట్టం పరిధిలోకి తెచ్చినప్పటి నుంచి అది లేకుండా ప్రాక్టీసు చేయడం అవివేకం. సర్జన్లు, గైనకాలజిస్టులు, అనస్థటిస్టులు ఫిజీషియన్ల కంటే ఎక్కువ ప్రీమియం కట్టవలసి ఉంటుంది.

పేషెంటు ఎలా వస్తాడన్నదీ ఖర్చే

పిల్లల డాక్టరు, కంటి డాక్టరు, గైనకాలజిస్టు దగ్గరికి పేషెంటు పేరు విని తనంత తానే వస్తాడు. రేడియాలజిస్టు, పాథాలజిస్టు, చాలా వరకు సర్జను ఇంకొకరు పంపితేనే చూడగలుగుతారు. ఈ పంపడం చుట్టూ మన ప్రాంతంలో ఊరూరి ఆర్ఎంపీలు, వారిని కలుసుకోవడానికి మోటారు సైకిళ్ల మీద తిరిగే ఆసుపత్రి పీఆర్వోలు, కేసుకింత అనే పర్సంటేజీ ఒక వ్యవస్థగా పాతుకుపోయాయి. 2002 నాటి వైద్య నైతిక నియమావళి పేషెంటును పంపినందుకు కమిషన్ ఇవ్వడాన్నీ తీసుకోవడాన్నీ నిషేధించింది. నైతికతను కాసేపు పక్కన పెట్టి లెక్కగా చూసినా ఇది చెడ్డ ఖర్చే. బిల్లు మీద పడుతుంది, ఏటేటా పెరుగుతుంది, ఆపిన రోజు పేషెంట్లు ఆగిపోతారు, పుస్తకాల్లో చూపలేరు కనుక దాని మీద పన్ను కూడా మీరే కట్టాలి. పర్సంటేజీ ఇస్తే తప్ప గిట్టుబాటు కాదని లెక్క తేలిన సెంటరును అసలు తెరవకపోవడమే మేలు.

ఆరోగ్యశ్రీ డబ్బు ఎప్పుడు చేతికి వస్తుంది

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వల్ల పేదలకు ఆపరేషన్లు అందుబాటులోకి వచ్చాయి, చిన్న పట్టణాల ఆసుపత్రుల పడకలు నిండాయి. 2023 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వం కుటుంబానికి పరిమితిని 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. పడకలు నిండడం వేరు, డబ్బు రావడం వేరు. బకాయిల కారణంగా సేవలు ఆపుతామని నెట్‌వర్క్ ఆసుపత్రులు 2025లో ప్రకటించవలసి వచ్చింది. నెలకు 6 లక్షల ఆరోగ్యశ్రీ పని చేసే ఆసుపత్రికి ఆరు నెలలు ఆలస్యమైతే 36 లక్షలు ఎప్పుడూ బయటే ఉంటాయి. 12 శాతం వడ్డీకి అది నెలకు 36 వేల రూపాయల ఖర్చు, అంటే ఆ వసూళ్లలో 6 శాతం. ఆర్థోపెడిక్స్, యూరాలజీ, డయాలసిస్ ఈ దెబ్బను ఎక్కువ తింటాయి. డెర్మటాలజిస్టుకు దీనితో పెద్దగా పని లేదు. పథకంలో చేరవద్దని నా ఉద్దేశం కాదు. జీతాలు, అద్దె నగదు పేషెంట్లతోనే వెళ్లిపోయేలా ఉన్నప్పుడు చేరడం వేరు, ఆరోగ్యశ్రీ డబ్బుతోనే జీతాలు ఇవ్వవలసిన స్థితిలో చేరడం వేరు.

హన్మకొండా, నర్సంపేటా

చిన్న ఊళ్లో అద్దె తక్కువ అన్నది నిజమే. నర్సంపేట, పరకాల, హుజూరాబాద్ వంటి చోట్ల హన్మకొండలో ఒక అంతస్తుకు పెట్టే అద్దెతో మొత్తం భవనం దొరకవచ్చు. కాని జీతాలు అదే నిష్పత్తిలో తగ్గవు. అనుభవమున్న సిస్టర్ చిన్న ఊరికి రావాలంటే వసతి కూడా చూపాలి, మత్తు డాక్టరు కారులో వచ్చి వెళ్లాలి. ఎన్పీడీసీఎల్ కరెంటు బిల్లు ఎక్కడైనా కమర్షియల్ కేటగిరీలోనే వస్తుంది, జీవ వ్యర్థాల సంస్థ చార్జీ కూడా ఊరు చూసి తగ్గదు. మిషన్ ధర అంతటా ఒక్కటే, దాన్ని వాడుకునే జనం మాత్రం తక్కువ. అందుచేత తక్కువ పరికరాలతో నడిచే ఫిజీషియన్, పిల్లల డాక్టరు, దంత వైద్యుడు చిన్న ఊళ్లో త్వరగా నిలదొక్కుకుంటారు. రేడియాలజిస్టు, ఐసీయూ కావలసిన సర్జను హన్మకొండ, కరీంనగర్ దాటి వెళ్లేముందు బాగా ఆలోచించాలి. ఆర్థోపెడిక్ సర్జను వారానికోసారి భూపాలపల్లికో మంచిర్యాలకో విజిటింగ్ వెళ్లి రావడం కదలని ఖర్చు లేకుండా కొత్త ఊరిని పరీక్షించుకునే తెలివైన పద్ధతి.

ప్రభుత్వ ఉద్యోగాన్నీ ఈ లెక్కలోనే చూడవచ్చు. 2022 నుంచి 2024 మధ్య మహబూబాబాద్, జగిత్యాల, భూపాలపల్లి, జనగామ, ములుగు, నర్సంపేటలలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. అసిస్టెంట్ ప్రొఫెసర్ పోస్టులు పెరిగాయి, అదే సమయంలో ఆ ఊళ్ల ప్రైవేటు డాక్టర్లకు ఉచిత ఆసుపత్రి పోటీ ఎదురైంది. పగలు ఉద్యోగం, సాయంత్రం క్లినిక్ అన్న పాత పద్ధతిని మాత్రం కొత్తవారు లెక్కలో పెట్టుకోకూడదు. కొత్తగా నియమితులయ్యే ప్రభుత్వ డాక్టర్లకు ప్రైవేటు ప్రాక్టీసును తెలంగాణ ప్రభుత్వం 2022లో నిషేధించింది.

పన్ను ఎవరికి కలిసి వస్తుంది

1961 ఆదాయపు పన్ను చట్టంలో 44ఏడీఏ సెక్షన్‌గా అందరికీ తెలిసిన పద్ధతి, ఏడాదికి 50 లక్షల లోపు వసూళ్లున్న డాక్టరు అందులో సగం ఆదాయంగా చూపితే పుస్తకాలు అడగదు. నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే ఆ పరిమితి 75 లక్షలు. 2026 ఏప్రిల్ నుంచి వర్తించే కొత్త చట్టంలో సెక్షన్ నంబరు మారినా పద్ధతి కొనసాగుతోంది. ఈ నియమం అందరికీ సగం ఖర్చవుతుందని ఊహించుకుంటుంది. 48 లక్షల వసూళ్ల మీద 12 లక్షలే ఖర్చున్న ఫిజీషియనుకు నిజమైన మిగులు 36 లక్షలు, పన్ను మాత్రం 24 లక్షల మీదే. అంతే వసూళ్ల మీద 30 లక్షలు ఖర్చున్న దంత వైద్యుడికి మిగిలింది 18 లక్షలు. ఈ పద్ధతిలో వెళ్తే రాని 6 లక్షల మీద కూడా పన్ను పడుతుంది. అతడు పుస్తకాలు రాసి, ఆడిట్ చేయించుకొని, మిషన్ల అరుగుదలను క్లెయిము చేసుకోవడమే లాభం. ఓపీ ఫీజు ఇంకా నోట్లలోనే ఎక్కువగా వచ్చే క్లినిక్‌కు 75 లక్షల పరిమితి వర్తించదు. ఫోన్‌పే, గూగుల్‌పే క్యూఆర్ బోర్డు పెట్టి వసూళ్లను అటు మళ్లించడానికి ఇది ఒక్కటే చాలినంత కారణం.

ఈ సదుపాయం వల్ల అందరికంటే ఎక్కువ లాభపడేది సొంత ఖర్చు దాదాపు లేని షేరు డాక్టరు, మత్తు డాక్టరు. అయితే ఆసుపత్రితో ఒప్పందం కన్సల్టెంటుగా ఉందా, ఉద్యోగిగా ఉందా అన్నది ముఖ్యం. జీతంగా పరిగణిస్తే ఈ పద్ధతి వర్తించదు.

ఎవరికి ఏది

అప్పులతో చదువు ముగించి, మొదటి మూడేళ్లలో స్థిరపడాలనుకునే సర్జనుకు, కార్డియాలజిస్టుకు, రేడియాలజిస్టుకు నా సలహా షేరు లేదా మినిమం గ్యారంటీయే. ఇంకొకరి మిషన్ మీద, ఇంకొకరి అప్పు మీద పేరు సంపాదించుకొని, పేషెంట్లు తన పేరు మీద వస్తున్నారని తేలాక భాగస్వామ్యానికి వెళ్లవచ్చు. ఫిజీషియన్, సైకియాట్రిస్టు, డెర్మటాలజిస్టు, పిల్లల డాక్టరు మొదటి రోజే సొంత ఓపీ తెరవవచ్చు. తప్పటడుగు పడినా పోయేది కొన్ని నెలల అద్దె, అడ్వాన్సు మాత్రమే. గైనకాలజిస్టు ఒంటరిగా ఇరవై పడకలు పెట్టేకన్నా, పిల్లల డాక్టరుతో కలిసి పది పడకలతో మొదలుపెట్టడం మంచిది. ఇద్దరికీ ఒకే రాత్రి షిఫ్టు సరిపోతుంది.

షేరు ఒప్పందంలో శాతం కన్నా ముందు చూడవలసింది ఆ శాతం దేని మీదన్నది. మొత్తం బిల్లు మీద 25 శాతానికీ, మందులు, ఇంప్లాంట్లు, డిస్కౌంటు తీసేశాక మిగిలినదానిలో 40 శాతానికీ ఏది ఎక్కువో నిజమైన పది బిల్లులు తెప్పించుకొని లెక్కగట్టి గాని సంతకం చేయకూడదు. ఆరోగ్యశ్రీ కేసుల షేరు ప్రభుత్వం డబ్బు ఇచ్చినప్పుడా, డిశ్చార్జి అయిన నెలలోనా. ఇన్సూరెన్సు కంపెనీ కోత పెడితే ఆ కోత ఎవరిది. మినిమం గ్యారంటీ ఎన్ని నెలల తరువాత ఆగిపోతుంది. కేసు కోర్టుకు వెళ్తే ఆసుపత్రి పాలసీ మీకు వర్తిస్తుందా. మానేసిన తరువాత అదే ఊళ్లో ప్రాక్టీసు పెట్టకూడదన్న షరతు ఏమైనా ఉందా అన్నవి రాతపూర్వకంగా ఉండాలి. ప్రతి నెలా మీ పేరు మీద జరిగిన బిల్లుల జాబితా ఇవ్వడానికి ఒప్పుకోని ఆసుపత్రిలో ఎంత పెద్ద శాతం రాసినా దాన్ని సరిచూసుకునే మార్గం మీకు ఉండదు కనుక, ఆ ఒక్క షరతు మీద మాత్రం రాజీ పడకండి.